పళ్లెం అడుగున పేరు

నూట ఎనభై డాలర్లు.
వంటింటి బల్ల మీద మూడుసార్లు లెక్కపెట్టాను,
మూడుసార్లూ అంతే వచ్చింది.
నోట్లకు మొహమాటం ఉండదు.

ఎనభై మందికి భోజనం.
మా అక్క కూతురు డల్సీ పెళ్లి, శనివారం సాయంత్రం,
చర్చి వెనక హాల్లో.
పెళ్లికొడుకు హెడ్లీ పడవ ఏడాదిగా ఒడ్డున బోర్లా పడుకుని ఉంది.
కాడ్ చేపను పట్టొద్దని సర్కారు సముద్రానికి తాళం వేసిన నాటి నుంచీ
న్యూఫౌండ్‌లాండ్‌లో మా రేవు రేవంతా అలాగే పడుకుంది.
కిటికీ తెరిస్తే నీళ్లే నీళ్లు.
పెళ్లి వంటలో మాత్రం చేప లేదు.

కాబట్టి క్యాబేజీ.
కాబట్టి బంగాళాదుంపలు, మా పెరటివి కొన్ని,
పక్కింటి మార్జ్ నేలమాళిగలోవి కొన్ని
(మొలకలు గిల్లేస్తే దుంప దుంపే).
ఉప్పు వేసిన గొడ్డుమాంసం రెండు బకెట్లు,
సగం డబ్బు అక్కడే హరీమంది.
గుడ్డసంచిలో మూటగట్టి అదే నీళ్లలో వేలాడదీసే బఠానీ పప్పు.
ఆంబ్రోస్ బావ కొట్టిన మూస్ దుప్పి వెనక తొడ,
డిసెంబరు నుంచి ఫ్రీజర్లో నా వంకే చూస్తున్నది.

ఎనభై పళ్లేలు మా ఊళ్లో ఎవరింట్లోనూ లేవు.
ఇంటికి ఆరు, ఇంటికి ఎనిమిది అడిగి తెచ్చాను.
అంచు పెచ్చులూడినవీ, నీలిగీతవీ, గులాబీ పువ్వువీ,
ఒక్కోదాని అడుగున గోళ్లరంగుతో ఇంటి పేరు.

వడ్డించే పిల్లలకు చెప్పాను:
ముందు దుంప, తరవాత క్యాబేజీ, ఆ పైన పప్పు.
మాంసం అందరికన్నా చివర్న.
చోటు లేక వాళ్లే చాలంటారు.
చాలనేదాకా మీరు మాత్రం గరిటె దించకండి.

నాలుగింటికి పొగమంచు దిగింది.
ఫెర్రీ కదలదట.
ఊళ్లో వెలుగుతున్న దీపాలు మా హాల్లోవే,
ఆ వెలుగు పట్టుకుని వచ్చారు ఇరవై ముగ్గురు,
పిలవని పేరంటానికి తడి బూట్లతో.
ఒక లారీ డ్రైవరు, చంకలో పిల్లతో ఒకావిడ,
టోపీలు చేత్తో నలుపుకుంటున్న ఫెర్రీ కుర్రాళ్లు.
మా అక్క నా మొహం చూసింది.
నేను పులుసు మొహం చూశాను.
ఒక మగ్గు నీళ్లు పోశాను. రుచి చూశాను.
ఇంకో మగ్గు పోశాను. ఈసారి రుచి చూడలేదు.

అప్పుడొచ్చింది సెరీనా ముసలమ్మ వెనక తలుపులోంచి,
తువ్వాలు కప్పిన బేసిను నడుముకి ఆనించుకుని.
ఎండబెట్టిన కాడ్.
తాళం పడకముందు, వాళ్లాయన చేత్తో పట్టి ఉప్పు పెట్టినది.
"నా దినం భోజనానికని అటక మీద దాచుకున్నాను.
ఆ రోజు నేనెలాగూ తినను కదా" అంది.
ఉప్పు చేప పొయ్యెక్కాలంటే రాత్రంతా నానాలి.
నిన్న రాత్రి పొగమంచు లేదు. ఫెర్రీ కబురూ లేదు.

ఉడికిన దుంపలో మెదిపి, ఉల్లిపాయ వేసి, పందికొవ్వులో కాల్చాం.
మనిషికొకటి. అరచేతిలో సగం.
ఆ వాసనకి హాల్లో మాటలు ఆగిపోయాయి.
హెడ్లీ తనది పళ్లెం అంచుకు జరుపుకుని
మిగతాదంతా తినేశాకే ముట్టుకున్నాడు.

పెళ్లివాళ్లం రెండో బంతిలో కూర్చున్నాం.
పులుసు పలచగా ఉందని ఎవరూ అనలేదు, ఆంబ్రోస్ బావ తప్ప.
ఆయన ఏ పెళ్లిలోనూ అంటాడు.

అర్ధరాత్రి సింకు దగ్గర పళ్లేలు బోర్లిస్తూ పేర్లు చదివాను.
మార్జ్. సెరీనా. మళ్లీ మార్జ్.
కిందటి వసంతంలో కిటికీలకు చెక్కలు కొట్టి
టొరంటో వెళ్లిపోయిన వాళ్లవి రెండు.
లెక్కపెడితే ఎనభై ఒకటి.
ఒకదాని అడుగున ఏ పేరూ లేదు.
అందరినీ అడిగాను, మాది కాదంటే మాది కాదన్నారు.

తుడిచి డల్సీ చేతిలో పెట్టాను,
దాని మీద గోళ్లరంగు సీసా.